గుమ్మిపుట్టు గొంతు

ఒక సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పదేళ్ల వయసు నుంచి రోజూ ఏదో ఒకటి రాసుకునే నా నోటు పుస్తకాల్లో కూడా అది లేదు. ఆ రోజు పేజీలో "మంచు ఎక్కువగా ఉంది, అమ్మ చిక్కుడు గింజల కూర వండింది" అని మాత్రమే ఉంది. కొండ మీద ఒక ముసలామె పాట ఆగిపోవడానికి కారణం నేను. ఆమె గొంతు పోయిందని ఊరంతా అనుకుంది. పోలేదని తెలిసింది నాకొక్కదానికే అనుకుంటూ చాలా ఏళ్లు గడిపాను.

మొన్న వానల్లో, నేను పాఠాలు చెబుతున్న బడిలో పాత బీరువా తెరిస్తే, చిరిగిన దేశపటాల వెనక ఒక గిటారు కనబడింది. ఎవరు ఎప్పుడు పెట్టారో తెలియదు. వెనక చెక్క ఉబ్బి, అంచు దగ్గర నోరు తెరుచుకుని ఉంది. ముఖం దగ్గరగా పెట్టుకుంటే తేమ పట్టిన చెక్క, తుప్పు పట్టిన తీగ, తోలు ఉడికించి చేసే పాత బంక, ఈ మూడూ కలిసిన వాసన వచ్చింది. పిల్లలు "ఏటి టీచరమ్మా అది" అని చుట్టూ మూగారు. ఆ వాసనలోనే నేను పుట్టి పెరిగాను.

అరకులో సంత మైదానం వెనక నుంచి కిందికి దిగే సందుకి పంచాయతీ వాళ్లు పెట్టిన పేరేదో ఉండేది. ఎవరూ ఆ పేరు పలకగా నేను వినలేదు. గిటార్ల సందు అనేవారు, అంతే. అటు నాలుగు, ఇటు మూడు, మొత్తం ఏడు కొట్లు, అన్నిటికీ రేకుల కప్పులే. చూరుకి కట్టిన తాళ్ల నుంచి గిటార్లు తలకిందులుగా వేలాడుతుంటే, పొద్దున్నే మంచులో సందు మొదట నిలబడి చూస్తే పొగలో ఆరవేసిన పెద్ద పెద్ద సొరకాయల్లా ఉండేవి. మంచు విడిపోతున్న కొద్దీ ఒక్కోదాని రంగు బయటపడేది. చివరి కొట్టు మాత్రం గిటార్లది కాదు, థింసా ఆటకి కావలసిన తుడుము డప్పులకి తోలు బిగించే తాతది. ఆయన పొద్దస్తమానం తోలు తడుపుతూ "మీవన్నీ గాలి సరుకులర్రా" అని మిగతా ఆరు కొట్లనీ వెక్కిరించేవాడు.

అంత చిన్న ఊళ్లో అన్ని గిటారు కొట్లు ఎందుకని ఇప్పుడు ఎవరైనా అడిగితే నవ్వొస్తుంది, అప్పుడు అడిగినవాళ్లు లేరు. హుకుంపేట వైపు, ముంచింగిపుట్టు వైపు, అవతల ఒరిస్సా గట్ల మీద, ఎక్కడ నాలుగు కుటుంబాలు ప్రార్థనకి కూడినా మట్టిగోడల చర్చి ఒకటి లేచేది, లేచిన ఏడాదికల్లా దానికో గిటారు కావలసి వచ్చేది. హార్మోనియం గట్లెక్కించడం కష్టం. గిటారైతే వీపుకి తగిలించుకుని వాగు దాటొచ్చు. కాకపోతే పల్లం నుంచి వచ్చిన గిటార్లు మా కొండ వానలకి ఆగేవి కావు. ఆషాఢం వెళ్లేసరికి పొట్ట ఉబ్బేది, మెడ వంగేది, బంక వదిలేది. అలా వాటిని సంతకి మోసుకొచ్చేవాళ్లు, అలా మా సందు బతికేది.

మా నాన్న వడ్రంగి. బాప్తిస్మం తీసుకున్నప్పుడు, యేసు తండ్రీ వడ్రంగే కదా అని, పాస్టరుగారు పెద్దగా ఆలోచించకుండా యోసేపు అని పేరు పెట్టేశారట. చర్చి బల్లలు చేస్తూ చేస్తూ, ఒకసారి ఎవరో ఇచ్చిన విరిగిన గిటారు అతికించి, ఆ తర్వాత బల్లలు మానేశారు. సందులో అందరూ యోసేపు మేస్త్రి అనేవారు. పక్క కొట్టు రత్నం మామ కొత్త గిటార్లు అమ్మేవాడు. మధ్యాహ్నం మా కొట్టు ముందుకొచ్చి స్టూలు మీద కూచుని, నాన్న బాగుచేసినదాన్ని ఒళ్లో పెట్టుకుని, "నువ్వు సెయ్యెట్టిన ముసిలి గిటారు పెళ్లికూతురైపోతాది. ఇంక నా కొత్తవాటిని ఎవలు సేసుకుంతారు మేస్త్రీ" అనేవాడు. నాన్న పెదాల మధ్య మేకులు పెట్టుకుని ఉండేవారు కాబట్టి నవ్వు ముక్కులోంచి వచ్చేది.

సంతనాడు ఆ సందంతా వాసనలే. అల్లం, పిప్పళ్లు, అడ్డాకుల కట్టలు, చింతపండు గంపలు, మాగిన పనస, ఆదివాసీ ఆడవాళ్ల తలల్లో ఆముదం, మా బొగ్గుల కుంపటి మీద కరుగుతున్న బంక. ఆ బంక వాసన ఎవరికీ పడేది కాదు. అమ్మ నాన్న చొక్కాలు విడిగా ఉతికేది. నాకు మాత్రం ఇష్టంగా ఉండేది. నేను తెగిన తీగలు చుట్టి ఉంగరాలు చేసుకుంటూ, పగిలిన గిటారు పొట్టలో నా పుస్తకాలు దాచుకుంటూ, ఎవరైనా కొత్తవాళ్లు వస్తే వేలాడే గిటార్ల వెనక్కి వెళ్లి నిలబడేదాన్ని. మాట్లాడటం అంటే భయం. మాట మనసులో సరిగ్గానే తయారయ్యేది గాని గొంతు దాకా వచ్చి ఆగిపోయేది.

నాన్న దగ్గర మిగతా కొట్లలో లేని పద్ధతి ఒకటి ఉండేది. కొండ మీద గిటారు వాయించేవాళ్లకి సాధారణంగా తీగల మీద వేళ్లు నొక్కే పట్లు మూడే తెలుసు. ఏ పాటకైనా ఆ మూడే. అందుకని పాడేవాళ్ల గొంతుకి తగ్గట్టు తీగలే బిగించి ఇవ్వాలి. ప్రతి ఊళ్లోనూ పాట ఎత్తుకునే మనిషి ఒకరుంటారు, ఎక్కువగా పెద్దామే. ఆ మనిషి సంతకి వచ్చినప్పుడు నాన్న కూచోబెట్టి ఒక్క వరస పాడించేవారు. పాడుతుండగా ఒక సన్నని వెదురు బొంగు, కింద కణుపు మూసి ఉన్నది, పెదవికి ఆనించి ఊది చూసి, కొంచెం కోసి, మళ్లీ ఊది, మళ్లీ కోసి, ఆమె గొంతూ బొంగు గొంతూ ఒకటయ్యేదాకా కోసేవారు. ఆ బొంగు మీద ఊరి పేరు రాసి గోడకి తగిలించాలి. నాన్నకి అక్షరాలు రావు, రాయడం నా పని. ఇంక ఆ ఊరి గిటారు ఎప్పుడొచ్చినా, పాడే మనిషి రాకపోయినా, ఆ బొంగు ఊది దానికి లావు తీగ కలిపి, ఆ తీగ బిగించే మరకి ఎర్రదారం కట్టి ఇచ్చేవారు. మిగతా తీగలు సడలితే ఊళ్లో వాళ్లే లావు తీగని బట్టి సర్దుకునేవారు. దారం కట్టిన మరని మాత్రం ఎవరూ తిప్పేవారు కాదు, మేస్త్రి కట్టిన దారం మళ్లీ మేస్త్రే విప్పాలి.

గోడ మీద నలభై దాకా బొంగులుండేవి. నలభై ఊళ్ల గొంతులు. "చెవిని నమ్మకూడదు, దానికి మరుపెక్కువ. బొంగుని నమ్మాల" అనేవారు నాన్న. రంపం, సుత్తి చప్పుళ్లకి అప్పటికే ఆయన చెవులు మందగిస్తున్నాయని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

గుమ్మిపుట్టు బొంగు కోసిన రోజు నాకు బాగా గుర్తు. గుమ్మిపుట్టు ముంచింగిపుట్టు దారిలో జీపు దిగి రెండు గంటలు నడవాల్సిన ఊరు. అక్కడ పాట ఎత్తుకునే మార్తమ్మ అవ్వ చెప్పులు గుమ్మం బయట విడిచి, నల్ల గొడుగు ఒళ్లో పెట్టుకుని, నుదుటి పచ్చబొట్టు మీద చెమట తుడుచుకుని, నాన్న చేతిలో రంపం చూసి, "బొంగు కొయ్యి బాబూ, నా పీక కొయ్యకు" అంది. పాడింది. తనే కట్టుకున్న పాట, కొండ దాటి వచ్చే వెలుగు గురించి. మొదటి వరస నేల మీద నడిచినట్టు ఉండి, రెండో వరసకి గట్టెక్కేది. సందులో బేరాలు ఆగిపోయాయి. తుడుముల తాత కూడా చెయ్యి ఆపాడు. పాట అయ్యాక అవ్వ నన్ను చూసింది.

"ఏటే గుంటా, గోడకి బల్లిలాగ అతుక్కుపోనావు? నీకు నాలిక నేదా?"

"దాని నాలికంతా పుస్తకంలో ఉంటాది అవ్వా" అన్నారు నాన్న.

"అయితే పుస్తకం మూసీకండి, నాలిక కరిసీసుకుంతాది" అని ఆమె నవ్వింది. నేను బొంగు మీద గుమ్మిపుట్టు అని రాశాను. నా అక్షరాలు ఎప్పుడూ అంత గుండ్రంగా రాలేదు.

మరుసటి ఏడు, నాకు పదకొండు నడుస్తుండగా, క్రిస్మసు ముందు రోజుల్లో కొండలన్నీ వలిసె పూలతో పసుపుపచ్చగా ఉన్నాయి. గుమ్మిపుట్టు గిటారు వచ్చింది. చోళ్ల నూర్పిళ్లని అవ్వ రాలేదు, ఆమె మేనల్లుడు ఇచ్చి వెళ్లాడు. నాన్న పనస చెక్క కోసం మిల్లుకి వెళ్లారు. కొట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు నేనొక ఆట ఆడేదాన్ని: స్టూలెక్కి బొంగులు ఒక్కోటీ తీసి ఊదేదాన్ని, ఊళ్లు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు. మనుషులతో రాని మాటలు అలా వచ్చేవి. గుమ్మిపుట్టుది నాకు ఇష్టమని రెండుసార్లు ఊదాను. మూడోసారి తీస్తుంటే చెయ్యి జారి, రాతి గడప మీద పడి, నిలువునా చీలిపోయింది. ఊదితే బుస తప్ప ఏమీ రాలేదు.

నాన్న నన్ను ఎన్నడూ కొట్టలేదు, తిట్టలేదు. "పగిలిపోయింది నాన్నా" అంటే, సరే, అవ్వకి కబురెట్టి మళ్లీ కోద్దాం అనేవారు, మహా అయితే వారం ఆలస్యమయ్యేది. అంతే పని, ఒక్క మాట. ఆ ఒక్క మాట అనడం కంటే కొత్త బొంగు కోయడం నాకు తేలికనిపించింది. మూలనున్న వెదురు ముక్కల్లో అదే లావుది ఏరుకున్నాను. అవ్వ పాట నాకు బాగా గుర్తుంది కదా అని, కూనిరాగం తీస్తూ దాంతో కలుపుతూ కోశాను. నాది పదకొండేళ్ల పిల్ల గొంతు, ఎంత తగ్గించినా ఆమె గొంతు కంటే పైనే ఉంటుందని నాకు తట్టలేదు. చివర్లో అంచు కొంచెం చిట్లింది. నున్నగా చెయ్యడానికి వేలి వెడల్పంత అరగదీయాల్సి వచ్చింది. వెదురుని కోయవచ్చు, అతకలేం. ఊదాను. ఎత్తుగా ఉంది. ఉందని తెలిసింది. దగ్గరగానే ఉందిలే అనుకున్నాను. పాతదానిలా కనబడాలని చిమ్నీ మసి రాసి, గుమ్మిపుట్టు అని రాసి, మేకుకి తగిలించి, విరిగిన ముక్కలు బంక కుంపట్లో వేశాను.

నాన్న సాయంత్రం వచ్చి గిటారు అందుకున్నారు. బొంగు ఊదారు. ఆగారు. మళ్లీ ఊదారు.

"అవ్వ గొంతు ఇంత పైనుందేటి?" అని నావైపు చూశారు. "నువ్వు విన్నావు కదే. ఇంతేనా?"

నేను తల ఊపాను.

ఆయన తీగ బిగించి, ఎర్రదారం కట్టేశారు. నా జీవితంలో నాన్న నన్ను పని తెలిసిన మనిషిని అడిగినట్టు, తనకి తెలియంది అడిగినట్టు అడిగింది అదే మొదటిసారి.

ఆ ఏడు పండక్కి గుమ్మిపుట్టు వాళ్లు మమ్మల్ని పిలిచారు. వలిసె చేల మధ్య గట్ల మీద నడుస్తుంటే చీర కుచ్చెళ్లకి పసుపంటుతోందని అమ్మ మురిసిపోతోంది, నేను మాత్రం అందరికంటే వెనక నడుస్తున్నాను. మట్టిగోడలకి కొత్తగా ఎర్రమన్ను పూసి, రంగు కాగితాల నక్షత్రాలు కట్టారు. బయట అరిసెలు వండుతున్నారు, రాతి పొయ్యిల మీద కోడికూర ఉడుకుతోంది. అవ్వ ఎర్రంచు తెల్లచీర కట్టుకుని ముందు నిలబడింది. మేనల్లుడు గిటారు అందుకున్నాడు. మొదటి వరస ఎలాగో నడిచింది. రెండో వరస గట్టెక్కే చోట ఆమె గొంతు పట్టు తప్పింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ తప్పింది. ఆమె జనం వైపు చూడలేదు. గిటారు వైపు ఒక్కసారి చూసి నోరు మూసుకుంది. వెనక నిలబడ్డ వయసు పిల్లలు పాట అందుకున్నారు. వాళ్లకది సరిపోయింది, హాయిగా పాడారు. అవ్వ చివరిదాకా చప్పట్లతో తాళం వేసింది.

భోజనాల దగ్గర ఒకావిడ "అవ్వకి వయసైపోనాది. ఇంక గుంటల్ని పాడనీండి" అంది, కొంచెం జాలిగానే. "ఔనే, నా పీక తుప్పట్టీసినాది" అని అవ్వే అందరికంటే ముందు నవ్వింది. తిరుగుదారిలో నాన్న వాగు దగ్గర కాళ్లు కడుక్కుంటూ, "పాపం, ఎలాటి గొంతు, పోనాది" అన్నారు. చెబితే అప్పుడే చెప్పాలి. నీళ్లు చల్లగా ఉన్నాయని అన్నాను.

మార్తమ్మ అవ్వ మళ్లీ ముందు నిలబడి పాడలేదు. ఆ పై ఏడు గుమ్మిపుట్టు గిటారు మా కొట్టుకి రాలేదు. కుర్రాళ్లు కీబోర్డు తెచ్చుకున్నారని తెలిసింది. మా సందు నా వల్ల పోయిందని కాదు, అంత గొప్ప నాకు లేదు. అప్పటికే కీబోర్డులు రైలెక్కి వస్తున్నాయి. బొత్తాం నొక్కితే శ్రుతి పైకి, కిందికి వెళుతుంది, తాళం దానంతటదే వస్తుంది, వానకి ఉబ్బదు. కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీలు పెట్టుకునేవారు. గోడ మీది బొంగుల మీద దుమ్ము పట్టడం మొదలైంది. ఏ ఊరి పేరు మీద ముందు దుమ్ము పేరుకుంటుందో నేను చూస్తూ ఉండేదాన్ని.

ముందు సందు మొదట్లో రెండు కొట్లు మూసేశారు. రత్నం మామ కొన్నాళ్లు కీబోర్డులే అమ్మి, తర్వాత సెల్‌ఫోన్లలోకి మారాడు. నాన్నని చూస్తే సిగ్గుపడి, "నీ దగ్గరికి బాగుసెయ్యడానికి ఏదీ రానివ్వని సరుకు అమ్ముతన్నాను మేస్త్రీ, తిట్టీ నన్ను" అనేవాడు. నాన్న తిట్టలేదు. టూరిస్టుల గదులకి మంచాలు చెయ్యడానికి వెళ్లేవారు, ఖాళీ దొరికితే కొట్టు తెరిచి కూచునేవారు. తాత పోయాక తుడుముల కొట్టు తాళం తీసినవారు లేరు. ఇప్పుడు ఆ సందులో రీచార్జి కొట్లు, జెరాక్సు, కాఫీ పొడి పొట్లాలు, తేనె సీసాలు, బొంగు చికెన్ బండ్లు. రేకుల చూర్లు పోయి శ్లాబులు వచ్చాయి. సంతకి వచ్చే పిల్లల్ని గిటార్ల సందు ఎక్కడని అడిగితే తెల్లబోయి చూస్తారు. మా కొట్టు గోడకి మాత్రం నలభై మేకులు ఇంకా ఉన్నాయి, కొత్తగా అద్దెకి దిగినవాళ్లు వాటికి ఇయర్‌ఫోన్లు వేలాడదీస్తున్నారు.

నాన్న నిరుడు పోయారు. మార్తమ్మ అవ్వ ఈ వానల్లో పోయిందని గుమ్మిపుట్టు నుంచి బడికి వచ్చే ఒక పిల్ల చెప్పింది. ఇంక ఈ మాట ఎవరికీ తగలదని ఇప్పుడు రాస్తున్నాను.

అవ్వని చివరిసారి చూసింది రెండేళ్ల కిందట, సంతలో. అడ్డాకుల కట్టలు ముందు పెట్టుకుని కూచుంది, బాగా వంగిపోయింది. ఈసారి చెప్పేయాలని నిశ్చయించుకుని, పక్కన కూచుని, "అవ్వా, నేను యోసేపు మేస్త్రి కూతుర్ని, నీకొకటి చెప్పాలి" అన్నాను. ఆమె నా చెయ్యి తడిమి చూసి, నాకంటే ముందు తనే అందుకుంది.

"ఆ యేడు పండక్కి మీ అయ్య తీగ ఎత్తుగా బిగించీసినాడే. మొదటి వరసకే తెలిసిపోనాది నాకు."

"మరి ఎందుకు చెప్పలేదవ్వా?" అన్నాను.

"సెప్తే ఏటవుతాది? మేస్త్రి సెయ్యి తప్పింది అంతారు. అన్ని ఊళ్లోళ్లూ మీ కొట్టు మానీత్తారు. నా ఒక్కదాని గొంతు పోనాదంతే ఎవలికేటి నష్టం? ఇంటికాడ మేకలకి పాడుకున్నాను. అవి మెచ్చుకున్నాయి."

"అవ్వా, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. ముంచింగిపుట్టు జీపు హారన్ కొట్టింది. ఆమె మిగిలిన కట్టలు నెత్తికెత్తుకుని లేచింది. రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మీ అయ్యకి సెప్పకు గుంటా. తనది తప్పు సెయ్యని సెయ్యి అనుకుంతన్నాడు. అలాగే ఉండనీ."